ఒకే రాత, రెండు మాటలు: ‘టై’, ‘తియె’లను నిఘంటువులో చదివే పద్ధతి

టి, ఐ, ఇ అనే మూడు అక్షరాల మాట ఇంగ్లీషులోనూ ఫిన్నిష్‌లోనూ ఉంది. రాత ఒక్కటే అయినా ఇంగ్లీషువారు దానిని ‘టై’ అనీ, ఫిన్లాండువారు ‘తియె’ అనీ పలుకుతారు. రెండింటికీ చుట్టరికం లేదు. కాబట్టి బహుభాషా నిఘంటువులో ఇటువంటి మాట ఎదురైతే ముందుగా భాష పేరు చూసుకోవాలి.

ఇంగ్లీషు ‘టై’కి ఎక్కువ సమయం పట్టదు. కట్టడం, ముడివేయడం దాని మూలార్థం. మెడకు కట్టుకునే టై, మనుషుల మధ్య బంధం, ఆటలో ఇరుపక్షాలూ సమానంగా నిలవడం అందులోంచి వచ్చినవే. ఈ క్రియ పాత ఇంగ్లీషులో ‘టీగన్’. రూపాలలో గుర్తుంచుకోవలసింది ‘టైయింగ్’ ఒక్కటే; అక్కడ ఐ, ఇ పోయి వై వస్తుంది.

ఫిన్నిష్ ‘తియె’ దగ్గర మాత్రం నిదానించాలి. దీని అర్థం దారి. ఫిన్నిష్‌లో విభక్తులు 15 ఉన్నా, మాట చివర ‘లో’, ‘నుంచి’ చేర్చడం పుట్టుకతో వచ్చిన తెలుగువారు బెదరనక్కరలేదు. ‘తియెన్’ అంటే దారి యొక్క, ‘తియెల్లె’ అంటే దారి మీదికి, ‘తియెల్లా’ అంటే దారి మీద. ఈ చివరి ‘ఆ’ను ‘బ్యాంకు’లో పలికినట్టు పలకాలి. ‘తియెల్లా’కు ‘అడ్డుగా’ అనే అర్థం కూడా ఉంది. దారి మధ్యలో నిలబడినవాడు అడ్డమే కదా.

బహువచనంలో ‘దారులు’ అనడానికి ‘తియెత్’ అంటారు, కానీ ‘దారుల మీద’ అనాలంటే ‘తెయిల్లా’ అవుతుంది. మన ‘ఇల్లు’ ‘ఇంటి’ అయినట్టు దీనిని కంఠస్థం చేయవచ్చు గాని, కారణం తెలిస్తే మరచిపోము. ఈ మాట పూర్వరూపం ‘తే’. ఫిన్నిష్‌కు దగ్గరి చుట్టమైన ఎస్తోనియన్ భాషలో నేటికీ అదే ఉంది. ఫిన్నిష్‌లో ఆ దీర్ఘం ‘ఇయె’గా చీలింది, బహువచన సూచకమైన ‘ఇ’ ముందు మాత్రం కుదించుకుపోయి ‘ఎ’గా మిగిలింది. అందుకే రూపాల పట్టిక కంటే ముందు వ్యుత్పత్తి చదవడం మేలని నా అభిప్రాయం. మరొక చిక్కు ఉంది: ‘మీరు’ అనే అర్థమున్న ‘తె’ సర్వనామానికి కూడా ‘తెయిల్లా’ అనే రూపమే వస్తుంది, అప్పుడు దానికి ‘మీ దగ్గర’ అని అర్థం; ఏదో తేల్చవలసింది వాక్యమే.

ఆ తరువాత ఈ మాట సంతానాన్ని చూడాలి. ‘తెలిసి ఉండడం’ అనే అర్థమున్న ‘తియెతా’ క్రియ దారి తెలియడం నుంచి పుట్టింది. దాని నుంచి ‘తియెతో’, అంటే జ్ఞానం, సమాచారం, వచ్చింది. దానికి యంత్రమనే అర్థమున్న ‘కొనె’ చేర్చి ఫిన్లాండువారు కంప్యూటరును ‘తియెతొకొనె’ అంటారు.