చిన్న కర్మాగారం కార్బన్ లెక్క ఎలా వేయాలి?

ఐరోపా నుంచి ఆర్డరు వచ్చిందంటే ఇప్పుడు ధర, నాణ్యతతో పాటు మూడో ప్రశ్న కూడా వస్తోంది: టన్ను సరుకుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడింది? ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి దిగుమతులపై 2026 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య కార్బన్ భారం వేస్తోంది. కట్టేది అక్కడి దిగుమతిదారే. కానీ మన దగ్గర లెక్క లేకపోతే, ఐరోపా సమాఖ్య నిర్ణయించిన అంకెల ప్రకారం ఆ దిగుమతిదారు కడతాడు. అవి సాధారణంగా పెద్దవే. ఆ నష్టాన్ని మన ధరలోనే కోస్తాడు.

బోల్టులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. బాలానగర్‌లో ఏడాదికి 300 టన్నుల బోల్టులు చేసే యూనిట్ ఒకటి ఉందనుకుందాం.

మొదట ఒక పూర్తి ఏడాది బిల్లులు ముందేసుకోండి. కరెంటు బిల్లులో ఒక తికమక ఉంది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అయితే కేవీఏహెచ్, కేడబ్ల్యూహెచ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి, తీసుకోవలసింది రెండోది, మనం యూనిట్ అనేది అదే. డీజిల్‌కు కొన్న లీటర్లు కాదు, వాడిన లీటర్లు కావాలి. ఏడాది మొదట, చివర పీపాలో ఎంత ఉందో కొలవండి. ఏసీలో గ్యాస్ నింపిన రసీదులూ పారేయకండి: ఆర్-410ఏ ఒక కిలో గాలిలో కలిస్తే సుమారు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

తరువాత గుణించండి. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, లీటరు డీజిల్‌కు 2.7, కిలో ఎల్పీజీకి 3. మన యూనిట్ ఏడాదికి 1,44,000 యూనిట్ల కరెంటు, 1,800 లీటర్ల డీజిల్, 5,000 కిలోల ఎల్పీజీ వాడితే వరుసగా 101, 5, 15 టన్నులు. మొత్తం 121. బోల్టు టన్నుకు 0.4.

ఇక్కడితో ఆపేసేవారే ఎక్కువ. అసలు బరువు గేటు బయట ఉంది. ఆ 300 టన్నుల కోసం కొన్న ఉక్కు 330 టన్నులు అనుకోండి. మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి సగటున సుమారు 2.5 టన్నులు వెలువడుతుంది. అంటే 825 టన్నులు! పైగా బోల్టుల విషయంలో కరెంటును ఐరోపా సమాఖ్య లెక్కించదు. కొన్న ఉక్కును మాత్రం వదలదు.

కరెంటు పొదుపు వద్దని కాదు, అది జేబుకే లాభం. ఆదివారం యంత్రాలన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడపండి. అది మళ్లీ మళ్లీ లోడు తీసుకుంటుంటే పైపుల్లో ఎక్కడో గాలి బుస్సుమని లీకవుతున్నట్టే. సబ్బు నీళ్లు పూస్తే చోటు తెలిసిపోతుంది. ఆవరణలో మొక్కలు నాటడం మంచిదే, కానీ ఈ లెక్కలో దానికి చోటు లేదు.

చివరగా, ఉక్కు కొనే ఆర్డరులోనే ఉద్గారాల ధ్రువపత్రం కావాలని రాతపూర్వకంగా అడగండి. టన్నుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలున్న ఉక్కును కేంద్రం 2024 డిసెంబరులో గ్రీన్ స్టీల్‌గా నిర్వచించింది, 1.6 లోపైతే అయిదు నక్షత్రాలు. మీకు కావలసిన గ్రేడులోనే టన్నుకు 1.9 టన్నుల ఉద్గారాలున్న ఉక్కు దొరికితే ఏడాదికి దాదాపు 200 టన్నులు తగ్గుతాయి. మీ కర్మాగారం లోపలి ఉద్గారాలన్నీ సున్నా చేసినా అంత తగ్గదు.