ఒకే ఫైర్‌వాల్‌కు రెండు ఇంటర్నెట్ లైన్లు కలపడం ఎలా?

ఆఫీసులో నెట్ పోతే పని మొత్తం ఆగిపోతుంది. అందుకే చాలామంది ఇంకో ప్రొవైడర్ దగ్గర రెండో లైన్ తీసుకుంటారు. తీసుకోవడం తేలికే. మొదటి లైన్ పోయిందన్న సంగతి ఫైర్‌వాల్‌కు (ఆఫీసు నెట్‌వర్క్‌కు, ఇంటర్నెట్‌కు మధ్య కాపలా ఉండే పెట్టెకు) తెలిసేలా చేయడమే అసలు పని.

లైన్ తీసుకునే ముందు

ఇద్దరు ప్రొవైడర్ల ఫైబర్ ఒకే దారిలో వస్తుంటే, రోడ్డు తవ్వేటప్పుడు ఒక్క దెబ్బకు రెండూ తెగుతాయి. ఒకటి ఫైబర్ అయితే రెండోది వైర్‌లెస్ గానీ 5జీ గానీ అయితే మంచిది. స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే అడ్రస్) ఇస్తారా, వాళ్ల మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో (లైన్‌ను నేరుగా ఫైర్‌వాల్‌కు అందించేలా) పెడతారా అన్నది ముందే అడగండి. మీకు వచ్చిన అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, పబ్లిక్ ఐపీని చాలామందితో పంచుకుంటున్నారని అర్థం. బయటి నుంచి మీ సర్వర్‌కు ఎవరైనా రావాలంటే ఆ లైన్ పనికిరాదు.

కేబుళ్లు, అడ్రస్‌లు

మొదటి ప్రొవైడర్‌ను ఫైర్‌వాల్‌లో వ్యాన్ 1 (WAN, అంటే బయటి లైన్ కలిపే చోటు) పోర్ట్‌కు, రెండో ప్రొవైడర్‌ను వ్యాన్ 2కు కలపండి. కేబుల్‌కు రెండు చివర్లా లేబుల్ అంటించండి. స్టాటిక్ ఐపీ ఉంటే అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే మూడూ ప్రొవైడర్ ఇచ్చినవి ఇచ్చినట్టే నింపాలి.

రెండు మోడెమ్‌లూ 192.168.1.1 అడ్రస్‌తోనే వస్తే మాత్రం ఆగండి. రెండు పోర్టుల మీద ఒకే సబ్‌నెట్ (ఒకే అడ్రస్‌ల గుంపు) ఉంటే ఏది ఎటు పంపాలో ఫైర్‌వాల్‌కు తేలదు. ఒక మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చండి, లేదా దాని అడ్రస్ మార్చండి. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) లైన్ అయితే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) సాధారణంగా 1492 ఉండాలి. అది తప్పితే కొన్ని సైట్లు వెంటనే తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి.

లైన్ బతికే ఉందా?

ఇక్కడ తొందరపడొద్దు. ఒకచోట రెండు లైన్లూ ఉండి కూడా సగం రోజు నెట్ లేకుండా గడిచింది. వెళ్లి చూస్తే వ్యాన్ 1 లైటు పచ్చగా వెలుగుతోంది, ఫైర్‌వాల్‌లో స్టేటస్ ఆన్‌లైన్ అనే ఉంది. ఫైబర్ తెగింది బయట. ఫైర్‌వాల్ పింగ్ (జవాబు వస్తుందా అని పలకరించడం) చేస్తున్నదేమో అదే ర్యాకులో పక్కనే ఉన్న మోడెమ్‌ను. మోడెమ్ జవాబు ఇస్తూనే ఉంది కాబట్టి, లైన్ బాగానే ఉందని ఫైర్‌వాల్ నమ్మింది.

కాబట్టి చెకింగ్ అడ్రస్ ఎప్పుడూ ప్రొవైడర్ నెట్‌వర్క్ దాటి బయట ఉండాలి. వ్యాన్ 1కు 1.1.1.1, వ్యాన్ 2కు 8.8.8.8 ఇవ్వొచ్చు, ఈ రెండూ అందరూ వాడుకోగల డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ అడ్రస్ వెతికిచ్చే) సర్వర్లు. రెండింటికీ ఒకటే పెట్టకండి. చాలా ఫైర్‌వాల్‌లు చెకింగ్ అడ్రస్‌ను ఆ లైన్‌కే కట్టేస్తాయి, ఆ లైన్ పోతే ఆ అడ్రస్ కూడా అందదు. అందుకే కంప్యూటర్లకు డీఎన్ఎస్‌గా ఆ ఒక్క అడ్రస్‌నే ఇచ్చి వదిలేయకూడదు. ప్రొవైడర్ డీఎన్ఎస్ కూడా చాలాసార్లు సొంత కస్టమర్లకే జవాబిస్తుంది, ఇంకో లైన్ మీదికి మారగానే పలకదు.

ఒక్క పింగ్ తప్పగానే లైన్ మార్చేయకూడదు, వరసగా కొన్ని తప్పాకే మార్చాలి. మొదటి లైన్ తిరిగొచ్చాక కూడా కొన్ని నిమిషాలు నిలకడగా ఉందని తేలాకే వెనక్కి రానివ్వండి. లేకపోతే అటూ ఇటూ మారుతూ ఎవరి కాలూ నిలవదు.

ఫెయిలోవరా, లోడ్ బ్యాలెన్సింగా?

మొదటి లైన్ పోతే రెండోదానికి మారడం ఫెయిలోవర్, రెండు లైన్లనూ ఒకేసారి వాడుకోవడం లోడ్ బ్యాలెన్సింగ్. 100 ఎంబీపీఎస్‌కు 50 కలిపితే ఒక్క డౌన్‌లోడ్ 150తో దిగదు. ఫైర్‌వాల్ పంచేది కనెక్షన్లను. ఒక్కో కనెక్షన్ ఒక్కో లైన్ మీదే పోతుంది. పైగా బ్యాంకు సైట్‌లో ఉండగా మధ్యలో ఐపీ మారితే లాగౌట్ చేసే అవకాశం ఉంది. లోడ్ బ్యాలెన్సింగ్ పెట్టినవాళ్లు స్టికీ కనెక్షన్లు (ఒకరి ట్రాఫిక్ ఒకే లైన్ మీద ఉంచే సెట్టింగ్) ఆన్ చేసుకోవాలి. నా మాట అడిగితే, ముందు ఫెయిలోవర్ ఒక్కటే పెట్టండి. అది నిలదొక్కుకున్నాక గెస్ట్ వైఫై, క్లౌడ్ బ్యాకప్ లాంటివి రూల్ రాసి రెండో లైన్‌కు పంపండి.

నాట్, రూల్స్

బయటికి వెళ్లే నాట్ (NAT, లోపలి అడ్రస్‌లను ఆ లైన్ బయటి ఐపీగా మార్చేది) రూల్ వ్యాన్ 2కూ ఉండాలి. అది లేకపోతే లైన్ మారుతుంది గానీ పేజీ తెరుచుకోదు. బయటి నుంచి వచ్చేవాటిని ఆపే రూల్స్ వ్యాన్ 1 మీద ఎంత గట్టిగా ఉన్నాయో వ్యాన్ 2 మీదా అంతే గట్టిగా ఉండాలి. పక్క తలుపు తీసిపెట్టి ముందు తలుపుకు తాళం వేస్తే లాభం లేదు.

వ్యాన్ 2 ఐపీ వేరు కాబట్టి, వీపీఎన్‌లో (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే సురక్షిత దారి) దాన్ని రెండో అడ్రస్‌గా చేర్చండి. మీ సర్వర్ డీఎన్ఎస్ రికార్డుకు టీటీఎల్ (పాత జవాబును గుర్తుంచుకునే సమయం) 300 సెకన్ల లాగా తక్కువగా పెడితే, అడ్రస్ మార్చినప్పుడు అందరికీ త్వరగా తెలుస్తుంది. రెండు లైన్ల మీదా ఒకే ఐపీ కావాలంటే బీజీపీ (మీ అడ్రస్‌లకు దారి ఎటో ప్రొవైడర్లకు చెప్పే పద్ధతి), సొంత ఏఎస్ నంబర్ (ఇంటర్నెట్‌లో మీ నెట్‌వర్క్‌కు గుర్తింపు), కనీసం 256 అడ్రస్‌ల ఐపీవీ4 బ్లాక్ కావాలి. చిన్న ఆఫీసుకు అంత అవసరం రాదు.

తీసి చూడండి

ఆఫీసు టైమ్ అయ్యాక ఒక కంప్యూటర్‌లో పింగ్ నడుపుతూ వ్యాన్ 1 కేబుల్ పీకండి. ఇది తేలిక పరీక్ష. అసలు పరీక్ష రెండోది: ఫైర్‌వాల్‌కు, మోడెమ్‌కు మధ్య కేబుల్ అలాగే ఉంచి, మోడెమ్‌కు బయటి నుంచి వచ్చే లైన్ తీయండి. ఇప్పుడు లైటు పచ్చగానే ఉంటుంది, అయినా ట్రాఫిక్ వ్యాన్ 2కు మారాలి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. బయటి ఐపీ మారుతుంది కాబట్టి నడుస్తున్న కాల్, వీపీఎన్ ఒకసారి తెగడం మామూలే. తిరిగి కలవకపోతే, పాత కనెక్షన్లను తుడిచేసే సెట్టింగ్ ఉందేమో చూసి ఆన్ చేయండి. తర్వాత లైన్ మళ్లీ పెట్టి, వెనక్కి వస్తోందో లేదో కూడా చూడండి.

యూపీఎస్‌కు ఫైర్‌వాల్‌తో పాటు రెండు మోడెమ్‌లూ కలపండి. ఏ లైన్ పడినా మెయిల్ వచ్చేలా అలర్ట్ పెట్టండి. ముఖ్యంగా వ్యాన్ 2కు, ఎందుకంటే అది పోయిన సంగతి ఆఫీసులో ఎవరూ గమనించరు.