ఆగినప్పుడే కారు వేడెక్కుతోందా? ఫ్యాన్ మోటారు కొనకముందు కప్లర్ చూడండి

సమస్య: నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద టెంపరేచర్ ముల్లు సగం దాటదు. ఊళ్ళోకి దిగి కర్నూలు రోడ్డు ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే మాత్రం పైకి పాకుతుంది, ఏసీలో చల్లదనం పోతుంది. బండి కదిలితే మళ్ళీ మామూలే.

అంటే రేడియేటర్‌కు గాలి చాలడం లేదు. పరుగులో ఎదురుగాలి సరిపోతుంది, ఆగితే ఆ భారమంతా ఫ్యాన్‌దే. హైవే మీద కూడా వేడెక్కే బండి సంగతి వేరు. థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్‌లో మడ్డి అక్కడ వెతకాలి.

కూలెంట్ మట్టం, ఫ్యూజు చూసే ఉంటారు. ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. అసలు తిరగకపోతే, ఫ్యాన్ రిలే (దానికి కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా) తీసి, అదే నంబరున్న పక్క రిలేను దాని చోట పెట్టి చూడండి. తర్వాత 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన వైర్లతో బ్యాటరీ నుంచి మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వండి. జోరుగా తిరిగితే మోటారు బాగున్నట్టే. నేరుగా ఇస్తే జోరు, బండి వైరింగ్‌లో నీరసం అయితే మోటారు కొనకండి, ఈసీయూ (ఇంజను కంప్యూటర్) జోలికి అసలు పోకండి. మోటారు దగ్గరున్న కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీసి చూడండి. దాన్ని ఇదివరకే ఎవరైనా మార్చి ఉంటే అనుమానం మొదట దాని మీదే పెట్టుకోవాలి.

చవక కప్లర్‌లో లోపం పైకి కనపడదు. కంపెనీ కప్లర్‌లో ఫిమేల్ పిన్ను లోపల చిన్న స్ప్రింగ్ నాలుక ఉండి మేల్ పిన్నును గట్టిగా అదిమి పట్టుకుంటుంది. చవక రకంలో ఆ రేకు పలచన. నాలుగుసార్లు వేడెక్కి చల్లారితే పట్టు సడలుతుంది. కొన్నింటిలో పిన్ను ఇత్తడి కాదు, పూత పూసిన ఇనుము. మేల్ పిన్నుకు అయస్కాంతం ఆనించండి, అతుక్కుంటే అది పనికిరాదు. కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలిలో, రొయ్యల గుంటల దగ్గర తిరిగే బండ్లలో రబ్బరు సీలు లేని కప్లర్‌కు చిలుము త్వరగా పడుతుంది. ఆకుపచ్చ పొడి కనపడితే వైరు లోపలికి కూడా పాకి ఉంటుంది.

మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (వైరు తెగిందా లేదా అని) చూస్తే బీప్ వస్తుంది, అందుకే అందరూ మోసపోతారు. మీటరు పంపే కరెంటు పిసరంత. ఫ్యాన్ లాగేది 10 నుంచి 20 ఆంపియర్లు. పట్టు సడలిన చోట 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. 15 ఆంపియర్లు పోతుంటే అక్కడే 1.5 వోల్టులు పోతాయి, 22.5 వాట్ల వేడి పుడుతుంది. ఇంచుమించు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో మూసిపెట్టినట్టు. ఆ 0.1 ఓమ్ మీటరు వైర్ల సొంత రెసిస్టెన్స్‌లోనే కలిసిపోతుంది. ఫ్యూజు కూడా పోదు, ఎందుకంటే కరెంటు పెరగడం లేదు, తగ్గుతోంది.

కాబట్టి ఫ్యాన్ తిరుగుతుండగానే కొలవాలి. మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టండి. కప్లర్ వెనకనుంచి వైరు పక్కగా సన్నటి గుండుసూది దూర్చి, ఒకే వైరుకు కప్లర్ ఇటు ఒక ప్రోబ్, అటు ఒక ప్రోబ్ ఆనించండి. ప్లస్‌కు ఒకసారి, ఎర్త్‌కు ఒకసారి. రెండు సూదులు ఒకదానికొకటి తగలకూడదు, వైర్లు ఫ్యాన్ రెక్కలకు దూరంగా ఉండాలి. 0.1 వోల్టు లోపు వస్తే కప్లర్ మంచిది. 0.3 దాటితే మార్చేయండి. ప్రోబ్‌ను ముందునుంచి ఫిమేల్ పిన్నులోకి పొడవద్దు. అది పిన్నును వెడల్పు చేస్తుంది, బాగున్న కప్లర్‌ను మీ చేత్తో మీరే చెడగొట్టినట్టవుతుంది.

పరిష్కారం: బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఇంజను ఆపాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగగలదు. వైరును నల్లబడిన భాగం పోయి మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించండి. పాత సామాన్ల దుకాణంలో మీ మోడల్‌కు చెందిన ఒరిజినల్ కప్లర్ ఆరంగుళాల వైరుతో దొరికితే కొత్త చవక రకం కన్నా అదే మేలు, పిన్నులు మెరుస్తుంటే చాలు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. క్రింపింగ్, అంటే పిన్ను రెక్కలను వైరు మీద నొక్కి బిగించడం, కటింగ్ ప్లయర్‌తో కాదు, క్రింపింగ్ ప్లయర్‌తోనే చేయాలి. ముందు రెక్కలు రాగిని, వెనక రెక్కలు తొడుగును పట్టాలి. తొడుగు ముందు రెక్కల్లో ఇరుక్కుంటే రాగికి పట్టు ఉండదు, మళ్ళీ మొదటికొస్తుంది. చేత్తో గట్టిగా లాగి చూడండి. రెండు వైర్ల అతుకులు ఒకే చోట రానివ్వకండి. వాటి మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకునే గొట్టం) వేయండి. మామూలు టేపు ఇంజను వేడికి జిగురు కారి ఊడిపోతుంది. వైరు కప్లర్ కన్నా కిందికి ఒంపు తిరిగి వచ్చేలా కట్టండి, వాననీళ్ళు అక్కడే కారిపోతాయి.

రెండు స్పీడుల ఫ్యాన్‌లో రెసిస్టర్ కాలడం, రేడియేటర్ దగ్గర సెన్సర్ పోవడం కూడా జరగొచ్చు. కప్లర్ కొలత బాగుంటేనే అటు చూడండి.

అంతా బిగించాక ఏసీ వేసి పావుగంట నిలబెట్టి, అదే కొలత మళ్ళీ తీయండి. ఇంజను ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి కప్లర్‌ను తాకండి. పక్కనున్న ప్లాస్టిక్ కన్నా వేడిగా ఉంటే క్రింపింగ్ కోసేసి మళ్ళీ చేయాల్సిందే.