తిరగవాత లేని ఊరిబిండి: ఇంట్లో హమ్మస్ చేసే పద్ధతి

శనగలు, నువ్వుల ముద్ద కలిపి రుబ్బే అరబ్బు వంటకం హమ్మస్. దాన్ని మొదటిసారి ఇంట్లో చేసిన రోజు మా అమ్మ వేలితో కొంచెం నాకి చూసి, "ఏమిరా ఇది, తిరగవాత పెట్టేది మర్చిపోయినావా?" అనింది. ఆమె లెక్కలో మెత్తగా నూరింది ఏదైనా ఊరిబిండే, అంటే పచ్చడే. దానిమీద ఆవాలు, ఎండుమిర్చి పడకపోతే పని సగంలో ఆగినట్టే.

నేను కువైట్‌లో, సాల్మియాలో ఒక లెబనాన్ హోటల్ వంటింట్లో పన్నెండేళ్ళు పనిచేశాను. మొదటి రెండేళ్ళు గిన్నెలు తోమడం, ఉల్లిపాయలు తరగడం. తర్వాత చల్లటి వంటకాల బల్ల దగ్గరికి మార్చారు. అక్కడ హమ్మస్ నేర్పినాయన సిరియాలోని హలబ్ నగరం మనిషి. పెద్ద వంటవాడిని వాళ్ళు ముఅల్లిమ్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. తిరిగొచ్చాక రాయచోటిలో కర్రీ పాయింట్ పెట్టుకున్నాను. హమ్మస్ అక్కడ అమ్మను, ఎవరూ కొనరు. ఇంట్లో మాత్రం వారానికోసారి చేస్తాను. కారణం మా నాన్నకు సుగర్, దాంతోపాటు మలబద్ధకం. ఆయన పూటకు మూడు ముద్దల సంగటి మాని తెల్లన్నానికి అలవాటు పడ్డాక రెండూ ఎక్కువయ్యాయి.

అరబ్బీలో హుమ్ముస్ అంటే శనగలే. వంటకం పూర్తి పేరు హుమ్ముస్ బి తహీనా, తహీనాతో కలిపిన శనగలు అని. తహీనా అంటే పొట్టు తీసిన నువ్వుల ముద్ద. ఇంతే సంగతి. శనగలు, నువ్వులు, నిమ్మకాయ, వెల్లుల్లి, ఉప్పు. ఇందులో పెరుగు వేసేవాళ్ళను, వేయించిన పుట్నాలతో చేసేవాళ్ళను వీడియోల్లో చూశాను. అది బాగానే ఉండొచ్చు గానీ అది పుట్నాల పచ్చడి, దోసెలోకి తినండి.

ఆరుగురికి సరిపోవాలంటే తెల్ల శనగలు 200 గ్రాములు, పొట్టు తీసిన తెల్ల నువ్వులు 120 గ్రాములు, రసం బాగా ఉన్న నిమ్మకాయలు రెండు, వెల్లుల్లి రెండు రెబ్బలు, టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ వంటసోడా తీసుకోండి. ఐసు ముక్కలు వేసిన నీళ్ళు ఒక గ్లాసు పక్కన ఉంచుకోండి.

తెల్ల శనగలంటే కాబూలీ శనగలు. మా అంగట్లో చోలే శనగలంటేనే తెలుస్తుంది. మన ప్రకాశం జిల్లా నల్లరేగడిలో కాక్-2 అనే తెల్ల శనగ పండుతుంది, దాంతో హమ్మస్ బ్రహ్మాండంగా వస్తుంది. ఒకటే చూసుకోవాలి. ధర రాని ఏడాది శనగలు కోల్డ్ స్టోరేజీల్లో రెండు మూడేళ్ళు ఉండిపోతాయి. శనగ పాతబడే కొద్దీ ఎంత నానబెట్టినా, ఎన్ని విజిల్స్ పెట్టినా లోపల పలుకు పోదు. అందుకే నేను అంగడాయన్ని "ఈ ఏటి సరుకేనా అన్నా?" అని అడిగి గానీ తీసుకోను. ఒకసారి అడగకుండా తెచ్చి, రెండు గంటల గ్యాస్ తగలేశాను.

రాత్రి పడుకునే ముందు శనగలు మునిగిపోయాక ఇంకో నాలుగు వేళ్ళు పైకి ఉండేలా నీళ్ళు పోసి నానబెట్టండి. పది గంటలు పడుతుంది. ఎండాకాలమైతే మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చండి, లేకపోతే తెల్లారేసరికి నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. పొద్దున ఆ నీళ్ళు పారబోసేయండి. కడుపుబ్బరం తెచ్చే రాఫినోజ్ లాంటి చక్కెరలు కొంత ఆ నీళ్ళలోనే పోతాయి.

ఇప్పుడు అసలు తంటా, నీళ్ళు. మా వైపు బోరు నీళ్ళలో పప్పు ఉడకదని ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలుసు. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం గింజను జిగురులా అతికించి ఉంచే పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తాయి. కందిపప్పు గంట ఆలస్యమైతే సర్దుకుంటాం, హమ్మస్‌లో పలుకు తగిలితే మాత్రం మొత్తం పాడే. అందుకని ఉడకబెట్టడానికి క్యాన్ నీళ్ళే వాడతాను. వంటసోడా వేసేదీ ఇందుకే, అది పెక్టిన్‌ను వదులు చేస్తుంది. అర టీస్పూన్ మించొద్దు, సబ్బు రుచి వస్తుంది. నిమ్మరసం ఇప్పుడే పిండొద్దు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకనట్టే, పులుపు తగిలితే శనగా బిర్రుగా ఉండిపోతుంది.

కుక్కర్‌లో సగానికి మించి నింపకండి. సోడాకు నురగ విపరీతంగా పొంగుతుంది, పొట్టు లేచి విజిల్ రంధ్రానికి అడ్డం పడితే ప్రమాదం. మూత పెట్టకముందే ఒక పొంగు రానిచ్చి, నురగ గరిటెతో తీసేసి, చెంచా నూనె వేసి, అప్పుడు మూత పెట్టండి. ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇరవై అయిదు నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగాలి. ఒక గింజ తీసి రెండు వేళ్ళ మధ్య నలిపితే వెన్నలా అయిపోవాలి, ఎక్కడా ఇసుక తగలకూడదు. మనం చోలే కూరకు ఉడికించే పాకం దీనికి చాలదు. అక్కడ గింజ గింజగా ఉండాలి, ఇక్కడ చితికిపోవాలి. చాలామంది హమ్మస్ గరగరలాడేది ఇక్కడే, తప్పు మాత్రం మిక్సీ మీదికి నెడతారు.

ఉడికాక పైన తేలే పొట్టు చూసి అందరికీ ఒక అనుమానం వస్తుంది, తీయాలా వద్దా అని. హోటల్లో తీసేవాళ్ళం. పెద్ద తొట్టిలో చన్నీళ్ళు పోసి, రెండు చేతులతో రుద్ది, తేలిన పొట్టంతా జల్లెడతో ఎత్తి పారేసేవాళ్ళం. రోజూ ఒక బకెట్ పొట్టు. హమ్మస్ పట్టులా, తెల్లగా వచ్చేది, కస్టమర్‌కు కావలసిందీ అదే.

ఇంట్లో నేను తీయను. పొట్టులో ఉండేది దాదాపు అంతా పీచే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూడండి. మన మామూలు శనగలు పొట్టుతో 100 గ్రాములుంటే పీచు 25 గ్రాముల చిల్లర, అదే శనగపప్పు అయితే 15. పొట్టు ఊడేసరికి పది గ్రాములు గాలికి పోయింది. తెల్ల శనగకు పొట్టు కాగితంలా పలచన కాబట్టి నష్టం అంత ఉండదు, కానీ నాన్న కోసం చేస్తూ ఆ పొట్టే పారేయడం నాకు మనసొప్పదు. సోడా వేసి చితికేదాకా ఉడికించి, వేడి మీదే రుబ్బితే పొట్టు ఉన్నట్టు నాలుకకు తెలియదు. రంగు ఒక పిసరు తగ్గుతుంది, అంతే.

అలాగని ఎక్కువ పీచు కోసం నల్ల శనగలతో కూడా ఒకసారి చేశాను. రుచి పర్వాలేదు. రంగు మాత్రం వానాకాలం మా వీధి బురద. మా పిల్లలు ముట్టుకోలేదు.

లెక్కకు వస్తే, ఉడికిన తెల్ల శనగల్లో 100 గ్రాములకు పీచు ఏడున్నర గ్రాముల పైమాటే. వండిన తెల్లన్నంలో అర గ్రాము కూడా ఉండదు. 200 గ్రాముల శనగలు ఉడికితే 450 గ్రాముల దాకా అవుతాయి, అంటే గిన్నె మొత్తంలో శనగల పీచే 34 గ్రాములు. ఆరుగురు పంచుకుంటే మనిషికి అయిదున్నర. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అందులో అయిదో వంతు ఒక్క గిన్నెలో వచ్చినట్టు. దీంట్లో కొంత పీచు నీళ్ళలో కరిగి జిగురులా మారి, చక్కెర రక్తంలోకి ఎక్కే వేగం తగ్గిస్తుంది. కరగని పీచు పేగుల్లో నీటిని పట్టి విరేచనం సాఫీ చేస్తుంది. ఇది తింటున్నామని మాత్రలు ఆపకూడదు, నాన్న ఒకసారి ఆపి చూశాడు, తిట్లు తిన్నాడు.

తహీనాకు వద్దాం. సీసాలో దొరుకుతుంది, ఖరీదెక్కువ. నేను ఒక పెద్ద సూపర్ మార్కెట్లో కొన్నది మూత తీస్తే ముక్క వాసన, తేదీ మాత్రం ఇంకా ఆరు నెలలుంది. అప్పటినుంచి ఇంట్లోనే. తెల్ల నువ్వులు సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు, గోరువెచ్చగా అయి కమ్మటి వాసన మొదలయ్యేదాకా చాలు. మనకు నువ్వులు చిటపటమని ఎర్రబడేదాకా వేయించే చెయ్యి ఉంటుంది. నువ్వుల పొడికి అది సరే, తహీనాకు అలా చేస్తే చేదు. చల్లారాక మిక్సీ చిన్న జార్‌లో వేసి, ఆపి ఆపి తిప్పండి. మొదట పొడి, తర్వాత తడి ఇసుక, అప్పుడు రెండు మూడు చెంచాల గానుగ నువ్వుల నూనె పోస్తే జారుడుగా, దోసెపిండిలా వస్తుంది. జార్ వేడెక్కితే అయిదు నిమిషాలు వదిలేయండి.

వెల్లుల్లి దంచి, నిమ్మరసంలో ఉప్పుతో పాటు పది నిమిషాలు వదిలేయండి. పులుపుకు పచ్చి వెల్లుల్లి ఘాటు విరుగుతుంది. ఆ రసాన్ని వడకట్టి తహీనాలో పోసి కలపగానే అది బిగుసుకుని ముద్ద కట్టేస్తుంది. ఇక్కడ అందరూ టెన్షన్ పడతారు, నేనూ మొదటిరోజు పాడుచేశానని వణికిపోయాను. ముఅల్లిమ్ నవ్వి "శ్వయ్ శ్వయ్, మోయ్" అన్నాడు. కొంచెం కొంచెంగా నీళ్ళు పోయమని. నువ్వుల ముద్దకు కాస్త తడి తగిలితే గట్టిపడుతుంది, ఇంకాస్త పోస్తే ఉన్నట్టుండి వదులై తెల్లబడుతుంది. ఐసు నీళ్ళు చెంచా చెంచాగా వేసి గిలకొట్టండి, నాలుగైదు చెంచాలకు మీగడలా మారుతుంది.

శనగలు వడకట్టి, ఆ నీళ్ళు అరగ్లాసు దాచి, గుప్పెడు గింజలు పైన వేయడానికి పక్కన పెట్టి, మిగతావి గోరువెచ్చగా ఉండగానే మిక్సీలో వేయండి. మరీ పొగలు కక్కుతుంటే జార్ మూత ఎగురుతుంది, జాగ్రత్త. ముందు ఒక్క శనగలే మెత్తటి ముద్దయ్యేదాకా తిప్పి, ఆ తర్వాతే తహీనా మిశ్రమం వేసి మళ్ళీ మూడు నిమిషాలు తిప్పాలి. ముందే అన్నీ కలిపేస్తే పలుకులు తప్పించుకుని తిరుగుతాయి. గట్టిగా అనిపిస్తే ఉడికిన నీళ్ళు కొంచెం. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా బిగుస్తుంది కాబట్టి కాస్త జారుడుగానే ఆపండి. గ్రైండర్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, ఇడ్లీ గ్రైండర్‌లో పావుగంట తిరిగితే మా హోటల్ మెషీన్‌కు ఏమాత్రం తీసిపోదు.

లోతులేని పళ్ళెంలో వేసి, గరిటె వెనకవైపుతో గుండ్రంగా తిప్పుతూ మధ్యలో గుంట చేసి, ఆలివ్ నూనె పోసి, పక్కన పెట్టిన గింజలు వేసి, జీలకర్ర పొడి చల్లుతారు. ఈ పళ్ళెం అంటే లెబనాన్ వాళ్ళకు ఎంత పట్టింపో 2010లో కళ్ళారా చూశాను. ఆ మే నెలలో బీరూట్ దగ్గర 10,452 కిలోల హమ్మస్ చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ అంకె వాళ్ళ దేశ విస్తీర్ణం, 10,452 చదరపు కిలోమీటర్లు. ఆ రాత్రి మా ఓనర్ స్టాఫందరికీ స్వీట్లు పంచాడు. మా ఇంట్లో ఆలివ్ నూనె అయిపోతే గానుగ నువ్వుల నూనె పోస్తాను. వేరుశనగ నూనె వద్దు, దాని వాసనే పైకొస్తుంది. అమ్మ మాత్రం తన గిన్నెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తిరగవాత వేసుకునే తింటుంది. నేను రుచి చూశాను. ముఅల్లిమ్‌కు చెప్పను గానీ బాగుంది.

అక్కడ ఖుబ్జ్ రొట్టెతో తినేవాళ్ళం. ఇక్కడ జొన్నరొట్టె దానికంటే నయం, దాంట్లోనూ పీచుంది. కీరా, క్యారెట్ ముక్కలు పిల్లలకు. మైదా పరోటాతో తింటే పడ్డ కష్టమంతా వృథా.

అలవాటు లేని కడుపుకు మొదటిరోజే గిన్నెడు పెట్టకండి. శనగల్లో అరగని చక్కెరల్నీ, పీచునూ పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెడతాయి, దాంతో గ్యాస్. నాన్నకు మొదటి వారం రోజుకు రెండు చెంచాలే ఇచ్చాను, రెండో వారం నాలుగు, ఇప్పుడు చిన్న గిన్నెడు. దాంతోపాటు నీళ్ళు బాగా తాగించాలి. నీళ్ళు లేకుండా పీచు పెంచితే మలబద్ధకం ఇంకా బిగుస్తుంది, మొదటి నాలుగు రోజులు మాకు జరిగిందదే.

మిగిలింది గాజు సీసాలో వేసి, పైన చెంచా నూనె పరిచి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులుంటుంది. పొడి చెంచాతోనే తీయండి. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, అప్పుడు సగం కొలతే చేసుకుని రెండు రోజుల్లో తినేస్తాం. ఉడికించిన శనగలు విడిగా డీప్ ఫ్రిజ్‌లో ఉంటే తహీనా కలపడం అరగంట పని.