ఇండియా టైమ్ పెట్టుకున్నారు సరే, క్రౌన్ బిగించారా?

పోయిన నెల మా బావగారు దుబాయ్ నుంచి వచ్చారు. ఫ్లైట్‌లోనే తన జీఎంటీ వాచీని (మామూలు ముళ్లతో పాటు ఇంకో దేశం టైమ్ చూపించే 24 గంటల ముల్లు కూడా ఉండే వాచీ) ఇండియా టైమ్‌కి మార్చుకున్నారు. మర్నాడు పిల్లలతో కలిసి రుషికొండలో సముద్ర స్నానం. సాయంత్రానికి అద్దం లోపల ఆవిరి. మూడు రోజులకి ముళ్ల మధ్యలో తుప్పు మరక. నీళ్లకి వంద మీటర్ల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్న వాచీ నడుము లోతు నీళ్లలో పోయింది. టైమ్ మార్చాక ఆయన క్రౌన్ (టైమ్ మార్చడానికి వాచీ పక్కన ఉండే చిన్న బుడిపె) లోపలికి నొక్కారు గానీ, తిప్పి బిగించలేదు. ఇలా పోయిన వాచీల్లో నేను చూసినది ఇది మూడోది. ముగ్గురూ సెలవులకి ఊరొచ్చినవాళ్లే.

మనవాళ్లకే ఇలా ఎందుకవుతుందంటే, మన టైమ్‌లో ఆ అరగంట ఉంది కదా, దానివల్ల. ఇలాంటి వాచీలో గంటల ముల్లు ఒక్కో గంట చొప్పునే దూకుతుంది. దుబాయ్‌కి, మనకి తేడా గంటన్నర. ఆ అరగంట కోసం క్రౌన్ పూర్తిగా లాగి నిమిషాల ముల్లు తిప్పుతారు. దాంతోపాటు దుబాయ్ టైమ్ చూపించే 24 గంటల ముల్లూ అరగంట జరుగుతుంది. దుబాయ్ టైమ్ తప్పు చూపిస్తోందని టెన్షన్ పడి మళ్లీ లాగుతారు. వాచీ బాగానే ఉంది, ఆ ముల్లు చూసి అరగంట తీసేసి చదువుకోండి. ఎన్నిసార్లు లాగితే, బిగించడం మర్చిపోయే అవకాశం అన్నిసార్లు.

బిగించే పద్ధతి: క్రౌన్‌ని మెల్లగా నొక్కిపట్టి ముందు వెనక్కి తిప్పండి. మర కూర్చున్నప్పుడు వేలికి చిన్న 'టక్' తగులుతుంది. అప్పుడు ముందుకి తిప్పండి. అడ్డుపడితే బలవంతం చేయకండి, మర పోతుంది.

మధ్యాహ్నం 12కి తేదీ మారుతోందా? గంటల ముల్లుని 12 గంటలు జరపండి, రిపేరు కాదు. తేదీ విడిగా తిప్పే మోడల్ అయితే రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా ముట్టుకోకండి, అప్పుడు తేదీ చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి. ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ఫాస్ట్ అయితే అయస్కాంతం పట్టిందేమో చూపించండి. స్పీకర్ల మీద, ట్యాబ్ కవర్ మీద వాచీ పెట్టకండి. వేడినీళ్ల స్నానానికి తీసేయండి. క్రౌన్ బిగించండి. నీళ్లలో ఉండగా క్రౌన్ ముట్టుకోవద్దు. సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో కడగండి, కడిగేముందు క్రౌన్ చూసుకోండి. వెనక మూత తీయిస్తే ప్రెషర్ టెస్ట్ (నీళ్లు దూరవని చూసే పరీక్ష) చేయించకుండా తీసుకోకండి. క్రౌన్ బిగించండి. ఆవిరి కనబడితే బియ్యంలో పెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు. సోమవారం చూద్దాంలే అనొద్దు. ఉప్పునీళ్లు వెళ్లాయని ముందే చెప్పి ఆ రోజే సర్వీసుకి ఇచ్చేయండి.