పిట్టలు గుడ్లు పెట్టే సీజన్లో కేప్ హ్యాటెరస్‌లో గాలం వేయాలంటే

ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్‌లో ఉండే మనవాళ్ళు నన్ను అడిగేది ఒకటే, అన్నా లాంగ్ వీకెండ్‌కి ఔటర్ బ్యాంక్స్ దీవులకి వెళ్తున్నాం, ఇసుక మీదకి బండి ఎక్కించి హ్యాటెరస్ దీవి కొనన ఉండే కేప్ పాయింట్ దగ్గర గాలం వేద్దాం అనుకుంటే ఏవో పిట్టల కోసం క్లోజ్ చేశారంట, ఐదు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళి ఉత్త చేతులతో రావాలా అని. అక్కర్లేదు. పదేళ్ళుగా వెళ్తున్నా, మొదటి రెండేళ్ళు నేనూ ఆ పిట్టల్ని తిట్టుకున్నవాణ్ణే, తర్వాత వాటి టైమ్‌టేబుల్ తెలుసుకుని దానికి తగ్గట్టు ప్లాన్ చేయడం మొదలుపెట్టాక ఖాళీ కూలర్‌తో వచ్చిన ట్రిప్పులు బాగా తగ్గాయి. చాలాసార్లు అక్కడ మూసేది బండికి, నడిచి వెళ్ళేవాళ్ళకి పక్కనే దారి ఉంటది. ఈ తేడా తెలీకే సగంమంది వెనక్కి తిరిగొచ్చేస్తారు.

ముందు పిట్ట గురించి చెప్తా, ఇది అర్థమైతే రూల్స్ బట్టీ పట్టాల్సిన పని లేదు. మన చేలల్లో తీతువు పిట్ట ఉంటది చూడండి, గూడూ పాడూ ఏమీ కట్టకుండా నేలమీద మట్టిబెడ్డల మధ్యే గుడ్లు పెట్టేసి మనం అటు వెళ్తే నెత్తిమీద గోల గోలగా అరుస్తూ తిరుగుతది, పైపింగ్ ప్లోవర్ దాని కుటుంబమే. కాకపోతే చాలా చిన్నది, యాభై గ్రాములు అటూ ఇటూ, పైగా పొడి ఇసుక రంగు, పది అడుగుల దూరంలో ఉన్నా కదిలేదాకా కనపడదు. ఇసుకలో చిన్న గుంట చేసి మామూలుగా నాలుగు గుడ్లు పెడతది, పొదగడానికి దాదాపు నాలుగు వారాలు. అట్లాంటిక్ తీరంలో ఉండే ఈ పిట్టల్ని 1986 నుంచి అంతరించే ముప్పున్న జాతుల చట్టం కింద కాపాడుతున్నారు, ఆ ఏడాది లెక్కకి తీరం మొత్తం మీద 790 జంటలే ఉన్నాయి. ఇప్పుడు రెండు వేలు దాటాయి గానీ హ్యాటెరస్ వరకు చూస్తే ఈమధ్య చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్నే.

అసలు చిక్కు గుడ్లతో కాదు, పిల్లలతో. గుడ్డు ఉన్నచోటే ఉంటది కాబట్టి దాని చుట్టూ కొద్దిగా తాడు కట్టేస్తే సరిపోతది, పిల్ల అలా కాదు, గుడ్డులోంచి బయటకొచ్చిన కొన్ని గంటల్లోనే లేచి పరుగెడతది, అమ్మానాన్నా నోట్లో తిండి పెట్టరు, దాని తిండి అదే వెతుక్కోవాలి, ఆ తిండి ఉండేదేమో అలలు తడిపే ఇసుకలో, సముద్రపు నాచు ఒడ్డుకి కొట్టుకొచ్చి పడే ఆ వరుసలో, పురుగులూ చిన్న చిన్న రొయ్యల్లాంటివీను. అంటే బండ్లు పోయే దారి ఏదో పిల్ల నడిచే దారీ అదే. భయమేస్తే పారిపోదు, ఉన్నచోటే నక్కి కూర్చుంటది. టైరు పడిన గాడి దాని నడుము కంటే లోతు, అందులో దిగితే ఎక్కలేక అందులోనే నడుస్తా ఉంటది. వెనక వచ్చే పికప్‌వాడికి అది ఎలా కనపడతది చెప్పండి? ఎగరడం రావడానికి ఇంకో నాలుగైదు వారాలు పడతది, ఆ నెలరోజులే మనకి క్లోజర్ పెద్దదైపోయేది. గుడ్లున్నప్పుడు ఓపెన్ ఉన్న చోటు పిల్లలయ్యాక మూసేశారేంటి అని విసుక్కునేవాళ్ళకి జవాబు ఇదే.

బండ్లా పిట్టలా అనే పాత గొడవ సంగతి కొంచెం చెప్పకపోతే అక్కడ లోకల్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు నోరు జారతారు. ఈ బీచ్ కేప్ హ్యాటెరస్ నేషనల్ సీషోర్ అనే ప్రభుత్వ పార్కు, దీనికి 1937లో చట్టం చేశారు, అందులో ఒకపక్క ఈ చోటుని ఆదిమ స్థితిలో అలాగే ఉంచాలని రాశారు, ఇంకోపక్క ఆ ఊళ్ళవాళ్ళకి చేపలు పట్టి బతికే హక్కు ఉంటదనీ రాశారు, ఇప్పుడు పిట్టల వైపు వాళ్ళూ గాలం వైపు వాళ్ళూ ఆ చట్టాన్నే చూపిస్తారు. 1972లో ప్రెసిడెంట్ నిక్సన్ ప్రభుత్వ భూముల్లో రోడ్డు వదిలి తిరిగే ఇలాంటి బండ్లకి నిబంధనలు పెట్టాలని ఆర్డర్ ఇచ్చాడు, హ్యాటెరస్‌లో మాత్రం ముప్పై ఏళ్ళు దాటినా పక్కా రూల్ రాలేదు. 2007లో డిఫెండర్స్ ఆఫ్ వైల్డ్‌లైఫ్, ఆడుబాన్ సొసైటీ అనే వన్యప్రాణుల సంఘాలు కోర్టుకెళ్ళాయి, 2008 ఏప్రిల్‌లో కోర్టు ముందు రాజీ ఒప్పందం కుదిరింది, ప్లోవర్ పిల్లలుంటే బండ్లు 1000 మీటర్ల దూరం ఉండాలి అని. సన్నటి దీవి మీద అటు వెయ్యి ఇటు వెయ్యి మీటర్లంటే కేప్ పాయింట్ మొత్తం పోయినట్టే, ఎర అమ్ముకునేవాళ్ళూ మోటెల్ వాళ్ళూ లబోదిబోమన్నారు. ఆ ఒప్పందంలో ఇంకోటి ఉండేది, ఎవడైనా కావాలని బోర్డులు పీకినా తాళ్ళు తెంపినా మూసిన చోటు మొదటిసారికి 50 మీటర్లు, తర్వాత 100, ఆ తర్వాత 500 మీటర్లు పెరిగేది. ఒకడి కోపానికి బీచ్ అంతా శిక్ష. 2012లో పూర్తి రూల్ వచ్చింది, 2014 చివర్లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఈ దూరాల్ని మళ్ళీ చూడమంటే 2015లో పిల్లల దగ్గర బండ్ల దూరం 500 మీటర్లకి తగ్గించారు. నన్నడిగితే ఆ తగ్గించడం న్యాయమే అనిపిస్తది, కానీ అసలేమీ మూయొద్దనేవాళ్ళతో మాత్రం ఏకీభవించలేను. మనకి ఉప్పాడలో, అంతర్వేదిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, బతుకుదెరువు కోసం వెళ్ళేవాళ్ళే బోట్లు ఒడ్డున కట్టేసి కూర్చుంటారు, సరదాకి వెళ్ళే మనం ఇంకో కిలోమీటరు నడవలేమా?

ఇక ప్లానింగ్. మార్చి మధ్యలో రేంజర్లు గుంజలూ తాళ్ళూ కట్టడం మొదలుపెడతారు, గుడ్లూ పిల్లలూ ఏప్రిల్ నుంచి జూలై దాకా జోరు, ఇసుక మీదే గుడ్లు పెట్టే వేరే సముద్రపు పిట్టలు, స్కిమ్మర్లు టర్న్‌లు, అయితే ఆగస్టు దాకా సాగదీస్తాయి, మే నుంచి తాబేళ్ళు కూడా గుడ్లు పెట్టడానికి వస్తాయి. మీ కోరిక పెద్ద రెడ్ డ్రమ్ చేప అయితే అసలు ఎండాకాలం వెళ్ళనే వద్దు, అక్టోబర్ నవంబర్‌లో వెళ్ళండి, పిట్టల గొడవ అయిపోయుంటది, చేప ఒడ్డుకి వచ్చేదీ అప్పుడే. 1984 నవంబర్‌లో అక్కడి ఏవన్ ఊళ్ళో పట్టిన 94 పౌండ్ల చేపే ఇప్పటికీ రెడ్ డ్రమ్‌లో ప్రపంచ రికార్డు. మన కచిడి చేప కుటుంబమే ఇది, కాకపోతే కచిడిలా లక్షలు రావు, పైగా 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉన్నది మనిషికి రోజుకి ఒక్కటే ఉంచుకోవాలి, పెద్దది పడితే ఫొటో తీసుకుని వదిలేయాలి.

జూన్ జూలైలోనే సెలవు దొరుకుతది అంటారా, అప్పుడు కేప్ పాయింట్ మీద ఆశ వదిలేయండి, మనసు కూడా తేలికపడతది. ఎండాకాలం దొరికే పాంపనో, సీ ములెట్, స్పాట్ లాంటి చేపలు అలలు విరిగే చోట, ఒడ్డుకి దగ్గర్లో ఉండే కాలవలాంటి పల్లంలోనే తిరుగుతాయి, ఇరవై ముప్పై గజాలు విసిరితే చాలు. మనవాళ్ళు పన్నెండడుగుల రాడ్ కొని బలమంతా పెట్టి చేపల్ని దాటేసి అవతల పడేస్తారు. ఇసుకలో దూరే చిన్న పీతలుంటాయి, శాండ్ ఫ్లీ అంటారు ఇక్కడ, అవో రొయ్య ముక్కో గుచ్చండి. ఇంకో మాట, పార్కులో ఉన్న 67 మైళ్ళ బీచ్‌లో 28 మైళ్ళు ఏడాదంతా బండ్లకి, 13 మైళ్ళు సీజన్లో మాత్రమే, మిగతా 26 మైళ్ళు నడకకే అని 2012 రూల్‌లో పెట్టారు. ఆ 26లోనే నేను ఎక్కువ చేపలు పట్టా, జనం ఉండరు కాబట్టి. ఉత్తరాన పీ ఐలాండ్ అని వేరే వన్యప్రాణి రెఫ్యూజ్ ఉంది, అక్కడ బీచ్ మీదకి బండి అస్సలు రానివ్వరు, హైవే 12 పక్కన పార్క్ చేసి ఇసుక దిబ్బ దాటి నడిచి వెళ్ళి గాలం వేసుకోవచ్చు.

బయల్దేరే ముందురోజు రాత్రి, మళ్ళీ పొద్దున, పార్క్ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టే బీచ్ యాక్సెస్ మ్యాప్ చూడండి. రెండుసార్లు ఎందుకంటే మధ్యలో ఒక గుడ్డు పగిలి పిల్ల బయటకొచ్చిందంటే మూసే హద్దు మారిపోతది. ఇసుక మీదకి బండి ఎక్కే దారుల్ని ర్యాంప్‌లంటారు, మీరు వెళ్ళాలనుకున్న ర్యాంప్ నంబర్‌తో పాటు ఇంకో రెండు నంబర్లు కాగితం మీద రాసుకోండి, అక్కడ సిగ్నల్‌ని నమ్ముకోలేం.

బండితో వెళ్తే పర్మిట్ కావాలి, పది రోజులకి 50 డాలర్లు, ఏడాదికి 120, ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. పార, జాకీ, జాకీ కింద పెట్టే చెక్క, టైర్ గేజ్ ఇవి ఉండాల్సిందే, రూల్ అది. గాలి 20 పీఎస్ఐ దాకా తీసేయండి, తీయకుండా వెళ్ళి కూరుకుపోయే ఎస్‌యూవీలు ప్రతి వారం కనపడతాయి, నాదీ ఒకసారి అందులో ఒకటి, ఆ కథ ఇంకెప్పుడైనా. స్పీడు గంటకి 15 మైళ్ళు దాటకూడదు, మే నుంచి సెప్టెంబర్ మధ్య దాకా రాత్రి 9 తర్వాత బీచ్ మీద బండి ఉండకూడదు, తాబేళ్ళ కోసం. ఫిషింగ్ లైసెన్స్ 16 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కళ్ళకీ విడివిడిగా కావాలి, ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు సరదాకి రాడ్ పట్టుకున్నా సరే, పది రోజులది దొరుకుతది, అది తీసుకోండి.

ఇసుక మీదకి చేరాక చూడాల్సింది తాళ్ళూ బోర్డులూ. తాడు సన్నగా ఉంటది, పిల్లలు కిందనుంచి దూరిపోతారు, ముందే చెప్పండి. తాడు పైన పొడి ఇసుక దగ్గర ఆగిపోయిందని కింద నీళ్ళ అంచున నడవచ్చు అనుకోకండి, కొన్నిచోట్ల నీళ్ళదాకా మూసేస్తారు, బోర్డు మీద ఏం రాసుందో చదివాకే అడుగేయండి.

బోర్డు లేనిచోట కూడా పిట్టే చెప్తది. ఒక పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు కుంటుతుంటే పాపం అని దగ్గరకి వెళ్ళకండి, అది నాటకం, గూడు దగ్గర నుంచి మిమ్మల్ని దూరంగా లాగుతోంది. ఆగి, మీరు వచ్చిన అడుగుల మీదే వెనక్కి రండి. లీస్ట్ టర్న్‌లు అయితే నాటకాలేమీ ఆడవు, గుంపుగా నెత్తిమీదకి దూకుతాయి, రెట్ట కూడా వేస్తాయి, గురి బాగా కుదురుతది. పొడుగ్గా ఎర్రటి ముక్కుతో నల్లటి తల పిట్ట గట్టిగా కూస్తూ చుట్టూ తిరిగితే అది ఆయిస్టర్‌క్యాచర్. ఏదైనా సరే తల్లి లేచిపోయినంతసేపూ ఆ గుడ్లు ఎండలో మాడతాయి, జూలై ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి తెలుస్తది. కుక్కకి ఆరడుగుల లోపు పట్టీ ఉండాలి, గాలిపటాలు పిట్టల చోట్లకి దగ్గర్లో ఎగరేయకండి, కింద నుంచి చూసే పిట్టకి అది గద్ద.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. రెండో ఏడాది అనుకుంటా, మిగిలిన ములెట్ ముక్కలూ శుభ్రం చేసిన చేపల తలలూ అక్కడే ఇసుకలో పాతేసి వచ్చా, మట్టిలో కలిసిపోతాయిలే అని. మర్నాడు పొద్దున వెళ్తే అక్కడ తవ్వి ఉంది, నక్క అడుగులు, పీతల అడుగులు, కాకులు, సీగల్స్, సంతలా ఉంది. ఆ చోటుకి వంద గజాల అవతలే తాడు కట్టిన టర్న్ కాలనీ. నక్కకి, రకూన్‌కి, కాకికి ఎర వాసన చూపించి పిలిచింది నేనే, వచ్చినవి చేప తలతో ఆగుతాయా, పక్కన గుడ్లుంటే? కాలనీలో ఏం పోయిందో నాకు తెలీదు, అడగడానికి ధైర్యం చాల్లేదు. అప్పటినుంచి మూత గట్టిగా పడే బకెట్ ఒకటి కేవలం చెత్తకే పెట్టుకుంటా, ఎర ముక్క దగ్గర నుంచి పేగుల దాకా అన్నీ అందులోకే, ఇంటికో డంప్‌స్టర్‌కో. తెగిన లైన్ కూడా అందులోకే, చిక్కుముడి పడ్డ లైన్ పిట్ట కాలికి చుట్టుకుంటే కాలు ఊడొస్తది.

ఒక్కోసారి గాలానికి పిట్టే పడతది, పెలికన్‌లు ముఖ్యంగా. కంగారులో లైన్ కోసేయకండి, అదే అందరూ చేసేది, ఆ లైన్‌తో ఎగిరిపోయి ఎక్కడో చిక్కుకుని చస్తది. మెల్లగా రీల్ చేసి దగ్గరకి లాగండి, తల మీద టవల్ కప్పితే నెమ్మదిస్తది, ఒకళ్ళు రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవాలి, పెలికన్ అయితే ముక్కు పట్టుకోండి గానీ పూర్తిగా మూయకండి, దానికి బయటకి ముక్కురంధ్రాలుండవు, నోటితోనే ఊపిరి. హుక్ కొనని ముందుకి తోసి, ముల్లు ఉన్న భాగం కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి మిగతాది వెనక్కి తీయాలి. హుక్ మింగేసినా, పిట్ట నీరసంగా ఉన్నా మీరు ప్రయోగాలు చేయకుండా రేంజర్‌కి ఫోన్ చేయండి.

మీరు అక్కడ ఉండగానే రేంజర్ వచ్చి ఇక్కడ మూస్తున్నాం అంటే వాదన పెట్టుకోవద్దు, ఆయన చేతిలో ఏమీ లేదు, పిల్లలు నడిచొచ్చాయి అంతే. ఏ ర్యాంప్ దగ్గర తెరిచి ఉందో ఆయన్నే అడగండి, చాలాసార్లు మ్యాప్ కంటే ముందు ఆయనకే తెలుస్తది. పక్క బండి మీద ప్లోవర్ రుచి అచ్చం చికెన్ లాగే ఉంటది అనే స్టిక్కర్ కనపడొచ్చు, నవ్వి ఊరుకోండి, అలాంటి స్టిక్కర్ ఉన్న పెద్దాయనే ఓసారి నా బండి ఇసుకలోంచి లాగాడు, ఎరలు ఎలా కట్టాలో కూడా నేర్పాడు, పిట్టల ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

వచ్చేసేటప్పుడు పిల్లలు తవ్విన గుంటలు పూడ్చేయండి, తాబేలు పడుతది, చీకట్లో బండి చక్రమూ పడుతది. టైర్లలో మళ్ళీ గాలి నింపుకోకుండా హైవే ఎక్కొద్దు, చిన్న కంప్రెసర్ ఒకటి డిక్కీలో వేసుకోండి, ఆదివారం సాయంత్రం గాలి మెషిన్ దగ్గర క్యూలో నిలబడితే ఇంటికి చేరేసరికి అర్ధరాత్రే.