మోషీ పసివాళ్లతో మాలిమి: కొత్త వాలంటీర్లకి నాలుగు మాటలు

టాంజానియాలో కిలిమంజారో కింద మోషీ అని ఊరుంది. అక్కడికి వాలంటీర్‌గా వెళ్తున్నామంటూ నన్ను అడిగేవాళ్లకి ముందుగా చెప్పేది ఒకటే: చెకెచెయాలో అడుగు పెట్టగానే పిల్లల్ని ఎత్తుకోకండి. చెకెచెయా అంటే మన అంగన్‌వాడీ అనుకోండి. సగంమంది పిల్లలు మీద పడి మీ జడ పట్టుకుని చూస్తారు, వాళ్లతో పేచీ లేదు. టీచరమ్మ ఒంటికి చుట్టుకున్న కంగా గుడ్డ అంచు నోట్లో పెట్టుకుని, ఆవిడ వెనక నుంచి తొంగిచూసే రెండేళ్ల పిల్ల ఒకతి ఉంటుంది. ఇదంతా ఆ పిల్ల గురించే.

ముందు టీచరమ్మతో కలవండి. పసివాళ్లు కొత్త మొహం కనపడగానే భయపడాలా వద్దా అని తమవాళ్ల మొహంలో వెతుక్కుంటారు. 1985లో అచ్చయిన ఒక ప్రయోగంలో, కింద లోతు కనిపించే గాజు పలక మీదుగా ఏడాది పిల్లల్ని తల్లి దగ్గరికి పాకి రమ్మన్నారు. తల్లి నవ్వితే 19 మందిలో 14 మంది దాటారు. భయపడ్డట్టు మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. అందుకని ఆవిడ పక్కన కూర్చుని గిన్నెలు తోమండి, వచ్చీరాని స్వాహిలీలో మాట కలపండి. ఆవిడ నవ్వితే సగం పని అయినట్టే.

అక్కడ చిన్నవాళ్లు పెద్దవాళ్లకి "షికమో" అనాలి, పెద్దవాళ్లు "మరహబా" అని బదులివ్వాలి. మర్యాద కోసం ఎవరో ఒకరు ఆ పిల్లని మీ ముందుకి నెడతారు. "బాడో మ్‌డోగో", ఇంకా చిన్నదే కదా అనేసి వదిలెయ్యండి.

తర్వాత నేల మీద, కాస్త ఎడంగా, పక్కకి తిరిగి కూర్చోండి. కళ్లలోకి చూడొద్దు, రమ్మని చేతులు చాపొద్దు. ప్లాస్టిక్ కప్పులు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ ఉండండి, లేదంటే గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెలు. సోడా మూతలు మాత్రం వద్దు, మింగేస్తారు. ఒక కప్పు మీ ఇద్దరి మధ్య దాకా దొర్లించి మీ పనిలో మీరుండండి. నా దగ్గరికి కప్పు తిరిగొచ్చింది చేత్తో కాదు. ఆ పిల్ల టీచరమ్మ వైపు ఓసారి చూసి, కాలి బొటనవేలితో ఇంతే ఇంత తోసింది. నేను మళ్లీ దొర్లించాను. ఆ పూటకి అంతే. చప్పట్లు కొట్టి మెచ్చుకున్నారో, మళ్లీ కంగా చాటుకి పోతుంది.

పదింటికి ఊజీ పోస్తారు. మొక్కజొన్న పిండి జావ. చోళ్ల పిండితో చేస్తే అచ్చం మన అంబలి. మొదట్లో ఆ పిల్ల కప్పు టీచరమ్మ చేతికే ఇవ్వండి. కొన్నాళ్లకి పిల్ల పక్కన పెట్టి పక్కకి జరగండి. మీ చేతిలోంచి తనే అందుకునే రోజు తనే చూసుకుంటుంది. వేళ తప్పొద్దు. అన్నట్టు, వాళ్ల లెక్క పొద్దు పొడుపు నుంచి: మన పది వాళ్లకి "సా న్నె", అంటే నాలుగు. కుమి అంటే పది. స్వాహిలీ వచ్చు కదా అని "సా కుమి"కి వస్తానన్నారంటే సాయంత్రం నాలుగింటికి ఎదురుచూస్తారు.

చాక్లెట్లు, ఫోన్లో బొమ్మలు ఎర వెయ్యకండి. వాటికోసం వచ్చే పిల్ల మీ దగ్గరికి వచ్చినట్టు కాదు.

ఒళ్లోకి వచ్చాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఓదార్చడం టీచరమ్మకే వదలండి. మీరు వెళ్లిపోయే మనిషి, ఆవిడ ఉండే మనిషి. రెండు మూడు వారాలకని వచ్చేవాళ్లు చంటిపిల్లల జోలికి పోకుండా వంటింట్లోనో, గోడలకి సున్నం వెయ్యడంలోనో సాయపడితే మేలని నా అభిప్రాయం. కొందరికి కోపం వస్తుంది, రానీండి.

రోజూ వెళ్లేటప్పుడు కళ్లెదుటే "క్వాహెరి, కేషో" అని చెప్పండి, వెళ్లొస్తా, రేపు అని. ఆఖరి రోజు "కేషో" అనకండి. ఊజీ కప్పు అందించే పని అంతకు వారం ముందే టీచరమ్మకి అప్పగించెయ్యండి. ఆ పిల్లని ఎత్తుకుని గేటు దాకా రావద్దు. ఏడిస్తే ఆవిడ చంకలోనే ఏడవాలి.